పసుపు పూసిన హద్దురాళ్ళు

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం అనుకునేరు. చేతిలో స్మార్ట్‌ఫోను ఉన్న రోజులే. కాకపోతే అందులోకి నెట్టు రావాలంటే మా ఊళ్ళో సరుగుడు తోట దాటి ఇసక దిబ్బ ఎక్కాల్సి వచ్చేది. ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా "ఆ రోజుల్లో" అని మొదలెట్టే యోగం పట్టిందంటే, ఆ మనిషికంటే ముందు వాడి ఊరు పోయిందని అర్థం. మాది విశాఖపట్నం దాటాక సముద్రం ఒడ్డున చిన్న పల్లె. ఒడ్డున అన్నాను కదా అని చేపలు అడక్కండి, అందరూ అదే అడిగేవారు. మా వాళ్ళలో వల విసరడం ఎవరికీ రాదు, పడవెక్కితే వాంతులు. పక్కనున్న యారాడ జాలర్లకి సముద్రం అన్నం పెడుతుందట గానీ మాకు పెట్టింది ఉప్పుగాలి ఒక్కటే. మేం ఇసకలో రైతులం. ఇసకలో ఏం పండుతుందని నవ్వేవాళ్ళు మా అత్త పండించిన వంకాయ తిని ఉండరు. అలలు వినిపించే చోటే నడుం లోతు గొయ్యి తీస్తే తియ్యటి నీళ్ళు ఊరేవి. అందులోకి దిగి, రెండు చేతులా రెండు కుండలు ముంచుకుని, పరుగులాంటి నడకతో మొక్క మొక్కకీ పోసి రావడమే మా వ్యవసాయం. వంగ, మిరప, ఆనప, కాస్త పైన వేరుశనగ, ఆ వెనక జీడితోపు. ఇంతే మా ఊరు, ఇంతకంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఇసకలో సేద్యానికి ఒక చిక్కుంది. గట్టు నిలవదు. రాత్రి గాలి వీస్తే తెల్లారేసరికి నీ చేను ఎక్కడ ఆగిందో, పక్కవాడిది ఎక్కడ మొదలైందో తెలీదు. అందుకని ఎప్పుడో పెద్దలు హద్దురాళ్ళు పాతారు. ఆ రాళ్ళ మీదా ఇసక పేరుకునేది. ఏది ఎక్కడుందో ఊరంతటికీ తెలిసిన ఒకే ఒక్క మనిషి మా పెదనాన్న. పెద్ద మీసాలు, చిన్న మాట, చేతిలో ఎప్పుడూ గునపం. "ఇసక కదుల్తాది గానీ రాయి కదల్దురా" అని, పది అడుగులు వేసి ఠంగున గునపం దింపేవాడు. రాయి తగిలేది. తగాదా అక్కడితో సరి. (అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళలో కూడా పెదనాన్న గునపానికి మంచినీళ్ళు ఇచ్చేవారు.)

అలాంటి రోజుల్లో మా భూములు ఏదో కంపెనీ కోసం తీసుకుంటారని పుకారు లేచింది. వీఆర్వో వెనక సర్వేవాళ్ళు గొలుసూ, మూడు కాళ్ళ స్టాండూ పట్టుకుని వచ్చారు. పెదనాన్న అంతకు ముందే ఊరి కుర్రాళ్ళని వెంటేసుకుని ప్రతి రాయినీ మరో మూరెడు లోతుకి దించి, పైన ఇసక కప్పి, గుమ్మడి పాదులు పాకించేశాడు. "రాయి దొరక్కుండా గొలుసు ఎక్కడ్నించి లాగుతార్రా? సెందమామ కాడ్నించా?" అన్నాడు. అన్నట్టే వాళ్ళు రెండు పూటలు ఎండలో తిరిగి, రాళ్ళు దొరక్క మమ్మల్ని తిట్టుకుంటూ పోయారు. ఆ విజయంతో మా ఊరికో చట్టం పుట్టింది. మూడు కాళ్ళది పట్టుకుని ఎవడొచ్చినా తరిమెయ్యాలి, అడగడం తరవాత.

నేను అప్పటికి ఇంటర్‌లో ఒక సబ్జెక్టు మిగుల్చుకుని, హీరోలా జుట్టు పెంచుకుని, నెట్టు కోసం దిబ్బ మీద ఫోను పైకెత్తి నిలబడటం వృత్తిగా పెట్టుకున్నాను. కాబట్టి వ్యాను రావడం మొదట చూసింది నేనే. దిగినవాళ్ళు మూడు కాళ్ళది దించారు. తళతళలాడే పెద్ద అట్ట ఒకటి దించారు. ఆపైన బొంయ్యిమంటూ ఒక డ్రోన్ గాల్లోకి లేచింది. "పెదనానా! వచ్చీసినార్రా బాబో!" అని అరుస్తూ పడుతూ లేస్తూ పరిగెత్తాను. అత్త అప్పుడే వంగమొక్కలకి పోద్దామని రెండు కుండల నిండా పేడనీళ్ళు కలుపుకుని వస్తోంది. ఎదురుగా తెల్ల సూటు వేసుకున్న కుర్రాడు కనపడ్డాడు. అంత తెల్లగా ఉన్నాడంటే పెద్ద ఆఫీసరే అయ్యుంటాడనుకుని రెండు కుండలూ అతని నెత్తిన బోర్లించింది.

"ఎవులి బూమి కొలిసీడానికొచ్చినావురా?"

"అయ్యబాబోయ్! మేమేం చేశామండీ! నాకు పెళ్ళండీ!" (గోదావరి జిల్లా నుంచి స్టీలు సిటీకి వచ్చి స్థిరపడిన కుటుంబమట. నెత్తిన పేడ కారుతున్నా 'అండీ' వదల్లేదు.)

"పెల్లైతే మా వంగతోట్లో నీకేటి పని? మీ అత్తోరింటికెల్లు!"

అతను అత్తవారింటికి కాకుండా మొగలిపొదలోకి పరిగెత్తాడు. మొగలి ముళ్ళ సంగతి పట్నంవాళ్ళకి తెలీదు. ఈలోపు నేను పిట్టలు తోలే వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలాను. ఇంటర్ పరీక్షతో సహా నా జీవితంలో గురి చూసి కొట్టినవన్నీ తప్పాయి గానీ ఆ డ్రోన్ మాత్రం తప్పలేదు, తిన్నగా వచ్చి మా నీళ్ళగోతిలో మునిగింది. అప్పుడు తళతళలాడే అట్ట వెనక నుంచి ఏడుపు వినిపించింది. ఎర్ర గౌను వేసుకున్న ఒక పిల్ల ఇసకలో చతికిలబడి ఉంది. పెదనాన్న ఎత్తిన గునపం ఎత్తినట్టే ఆపి, చెల్లెలి వంక, అంటే మా అత్త వంక చూశాడు.

"సర్వేకి ఇన్ని గాజులేసుకుని ఎవులొత్తారే?"

ఊరంతా తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. టోపీ పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ ఏడవలేక, ఇది పెళ్ళికి ముందు తీసే ఫొటోలూ వీడియో అని వివరించాడు. "పెల్లవకుండానే పెల్లి పొటోలేటి? ఓరి మీ తస్సదియ్యా!" అని పెదనాన్న ఆశ్చర్యపోయి, ఆ వెంటనే సిగ్గుపడి, పరిహారాలకి దిగాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మేం పెళ్ళికొడుకుని నిలువెల్లా కడిగాం. అతనికి పెదనాన్న లుంగీ, తువ్వాలు. అందరికీ అత్త వండిన వంకాయ కూర, అన్నం. లుంగీలో పెళ్ళికొడుకుని చూసేసరికి ఫొటోగ్రాఫర్ కళ్ళు మెరిశాయి, సూటు కంటే ఇదే బాగుందన్నాడు. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టడానికి పాత రాయేదైనా ఉందా అని అడిగాడు. అందరూ పెదనాన్న వైపే చూశారు. ఆయన ఆ పిల్ల ఏడ్చిన మొహం చూసి, గునపం తీసుకుని వెళ్ళి, అత్త వంగతోట మొదట్లో ఉన్న రాయిని తవ్వి పైకి తేల్చాడు. "కూకో తల్లీ. నువ్వు లెగిసాక మల్లీ కప్పీత్తాను" అన్నాడు. ఆ పిల్ల కూర్చుంది. నేను జుట్టుకి కొబ్బరినూనె దట్టించి, కెమెరాకి అందేలా ఓ మూల నిలబడి ఇకిలించాను.

ఆ వీడియో నెట్‌లో పెట్టారు. మా ఊళ్ళో అందరం దిబ్బ ఎక్కి, ఒకే ఫోను చుట్టూ తలకాయలు దూర్చి చూశాం. పెదనాన్న ఊరిని కూచోబెట్టి పాత చట్టం రద్దు చేశాడు. "ఇంటికొచ్చినోల్ని అడక్కుండా కొట్టీడం తప్పు. ఈసారి ఎవులొచ్చినా ముందు మంచినీల్లివ్వాల" అన్నాడు. మా ఊరి సర్వనాశనానికి కారణం దుర్మార్గం కాదు, మర్యాద. ఈ ముక్క తలుచుకున్నప్పుడల్లా నా ఒళ్ళు మండుతుంది.

వానలు వెళ్ళాక మరో వ్యాను వచ్చింది. వీఆర్వో లేడు, గొలుసు లేదు. జీన్స్ ప్యాంట్లు, టోపీలు, నల్ల కళ్ళద్దాల అమ్మాయి ఒకతె, మూడు కాళ్ళది, డ్రోన్. ఎవరని మేం అడగలేదు. మాకు తెలిసిపోయింది కదా! అత్త కొత్త చీర కట్టుకొచ్చి ఆ అమ్మాయి తలలో కనకాంబరాలు తురిమింది. నేను మళ్ళీ కొబ్బరినూనె సీసా తీశాను. పెదనాన్న మంచినీళ్ళిచ్చి, వాళ్ళలో పెద్దవాడిలా కనిపించిన కుర్రాణ్ణి "పెల్లెప్పుడు బాబూ?" అని అడిగాడు. అతను సిగ్గుపడి, "ఇంట్లో ఇంకా సంబంధాలు చూస్తున్నారండి" అన్నాడు. సంబంధం కుదరకుండానే ఫొటోలా, కాలం ఎంత మారిందో అని అత్త ముక్కున వేలేసుకుంది. ఆ కుర్రాడు కాస్త మొహమాటంగా, "ఈ చుట్టుపక్కల పాత రాళ్ళేమైనా ఉంటాయా అండీ?" అని అడిగాడు.

పెదనాన్న మొహం వెలిగిపోయింది. "ఎన్ని గావాల?"

"ఎన్నుంటే అన్ని చూపించండి."

చూపించాడు. ఒక్కటి కూడా మిగల్చకుండా చూపించాడు. ఆయన తవ్వుతుంటే నేను కుండలతో నీళ్ళు మోసి రాళ్ళు కడిగాను. అత్త వెనకే వచ్చి, శుభమా అని పెళ్ళి పని కదా అంటూ ప్రతి రాయికీ పసుపు పూసి బొట్టు పెట్టింది. ఆ కుర్రాళ్ళు ఒక్కో రాయి దగ్గర కర్రలాంటి పరికరం నిలబెట్టి, కాసేపాగి, ముందుకి కదిలారు. "రాయి మీద కూకోరేటి?" అని పెదనాన్న అడిగితే పాపం వాళ్ళ పెద్దవాడు మర్యాదకి ఓ నిమిషం కూర్చున్నాడు కూడా. అన్నం తిని వెళ్తూ, "ఇలాంటి ఊరు మేమెక్కడా చూడలేదండీ" అని పెదనాన్న చేతులు పట్టుకున్నాడు. అతను ఒక్క అబద్ధం చెప్పలేదు. మేం ఒక్క ప్రశ్న సరిగ్గా అడగలేదు.

వీడియో కోసం రోజూ దిబ్బ ఎక్కాను. వీడియో రాలేదు, బడి గోడ మీద భూములు తీసుకుంటున్నామన్న నోటీసు వచ్చింది. దాంతోపాటే వచ్చిన ఆఫీసరు ల్యాప్‌టాప్ తెరిచి, పైనుంచి తీసిన మా ఊరి బొమ్మ చూపించాడు. పసుపుపచ్చటి చుక్కలు చుక్కలుగా మా హద్దురాళ్ళన్నీ స్పష్టంగా ఉన్నాయి. "పసుపు పూయడం మంచి ఆలోచన. ఇంత సహకారం ఏ ఊరూ ఇవ్వలేదు" అని మెచ్చుకున్నాడు. కొరివితో తల గోక్కున్నవాళ్ళని చూశాను గానీ, గోక్కున్నందుకు మెప్పు పొందినవాళ్ళని మమ్మల్నే చూశాను. అత్త చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. పెదనాన్న తువ్వాలు తడుపుకుని వెళ్ళి, ఒక్కో రాయి దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని పసుపు తుడవడం మొదలెట్టాడు.

"ఇప్పుడు తుడిస్తే ఏటవుద్ది పెదనానా?" అన్నాను.

"ఏటీ అవ్వదు. మనం ఎట్టినాం, మనవే తుడవాల" అన్నాడు, తలెత్తకుండానే.

ఇప్పుడు మేం కూర్మన్నపాలెం నుంచి ఆటోలో వెళ్ళాల్సిన ఓ కాలనీలో ఉంటున్నాం. వరసగా ఇళ్ళు, మధ్యలో సిమెంటు గోడలు. ఎవరి హద్దు ఎక్కడో పసిపిల్లాడైనా చెప్పగలడు కాబట్టి పెదనాన్నని ఎవరూ ఏమీ అడగరు. గునపం తలుపు వెనక ఉంటుంది. అత్త డాబా మీద ప్లాస్టిక్ బకెట్లో వంగమొక్క వేసింది, దానికి పూత నిలవడం లేదు. మా ఊరి చుట్టూ ప్రహరీ లేచింది గానీ లోపల ఏ కంపెనీ లేదు. మేం నరికి వదిలేసిన సరుగుడే మళ్ళీ చిగిర్చింది. స్థానికులకి ఉద్యోగాలిస్తామన్న మాట నిలబెట్టుకుని గేటు దగ్గర వాచ్‌మన్‌గా నన్ను వేశారు. అప్పుడప్పుడూ పెళ్ళి ఫొటోలవాళ్ళు వ్యానులో వస్తారు, లోపల సముద్రం పక్కన భలే ఖాళీ స్థలం ఉందటగా, ఓ గంట వదలమని బతిమాలతారు. "ఎవుల్రా మీరు? ఎల్లండెల్లండి!" అని లాఠీ ఎత్తి తరుముతాను. తరమాల్సిన రోజున నూనె రాసుకుంటూ కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు జీతానికి తరుముతున్నాను.

డ్యూటీ లేని రోజు పెదనాన్న నా మంచం మీదకొచ్చి కూర్చుని, "ఆ పెల్లోల్ల బొమ్మ ఎట్టరా" అంటాడు. కాలనీలో నెట్టు బ్రహ్మాండంగా వస్తుంది, ఏ దిబ్బా ఎక్కక్కర్లేదు. ఎర్ర గౌను పిల్ల రాయి మీద కూర్చునే చోట ఆపమంటాడు. ఆపుతాను. ఫోను దగ్గరికి లాక్కుని, కళ్ళు చికిలించి, ఇటు వంచీ అటు వంచీ చూస్తాడు. అత్త కూడా వచ్చి ఆయన భుజం మీదుగా తల దూరుస్తుంది. ఓ మూల పెద్ద జుట్టుతో, నూనె కారే మొహంతో ఒక వెర్రివాడు లోకంలో ఇంకేం అక్కర్లేదన్నట్టు ఇకిలిస్తూ ఉంటాడు. వాణ్ణి చూస్తే తిట్టబుద్ధి కాదు, నవ్వే వస్తుంది. పెదనాన్న వాణ్ణి చూడడు, పెళ్ళికూతుర్నీ చూడడు. ఆ పిల్ల గౌను మీద వేలు పెట్టి, పక్కకి జరపబోతాడు.

"వంగతోట ఆ రాయికి అటేపు కదే. ఈ పిల్ల అడ్డొచ్చీసింది" అంటాడు అత్తతో.