జరీ రెక్కల ఉసిలి

నేను చీమను చూసి ఏనుగని రాసే రకం. ముందే ఒప్పుకుంటున్నాను, తగినంత తగ్గించుకుని చదవండి.

నేరేడ్‌మెట్‌లో మా పక్కింటి అంకుల్ గాలానికి ఎర గుచ్చేవారు కాదు, పురుగులు తయారుచేసి కట్టేవారు. మోండా మార్కెట్ కోడి ఈకలతో తొలి వానలకు ఉసిళ్ళు, ఎండాకాలానికి తూనీగలు. చేపలకు బయల్దేరే ముందు వరండా లైటు కింద మెడ పట్టేసేదాకా నిలబడి, ఏ పురుగులు వాలాయో చూసేవారు. "చెరువుల ఇయ్యాల ఏం వంటనో తెల్వకుంటే ఎట్ల?" అనేవారు.

ఒక జూన్‌లో అంకుల్ ఉసిలి రెక్కలకు మెరుపు చాలలేదని ఆంటీ పెళ్ళిచీర జరీ జానెడు కత్తిరించారు.

"ఇయ్యాల చేప పడకుంటే మీ పురుగుల డబ్బా మోరీల పారేస్త," అన్నారు ఆంటీ. అందులో ఆయన పదేళ్ళుగా కట్టిన పురుగులున్నాయి.

అంకుల్ నన్ను వెంటబెట్టుకుని యాప్రాల్ వైపు చెరువుకెళ్ళారు. వాన వెలియగానే లక్ష ఉసిళ్ళు లేచి నీళ్ళమీద పరుచుకున్నాయి. అంకుల్ జరీ ఉసిలిని విసిరారు. రెండు అసలు ఉసిళ్ళు వచ్చి దానికి పెళ్ళిచూపులు జరిపి వెళ్ళాయి.

"ఇంత దావత్‌ల మనది ఎవడు తింటడు అంకుల్?" అన్నాను.

"జెర ఆగవయ్యా, జరీ కట్టింది మనదొక్కటే!"

అంతలో మేకపిల్లంత చేప దాన్ని కరిచి, గట్టుదాకా వచ్చి, అంకుల్ మొహం చూసి, దారం తెంపుకుని పోయింది.

ఇంటికొచ్చాక ఆంటీ ఆయన్ని అడగలేదు. "నువ్ చెప్పు, నిజంగ పడ్డదా?" అని నన్నడిగారు.

"పడ్డది ఆంటీ. మేకపిల్లంత!"

డబ్బా బతికింది.

ఉసిళ్ళ పెళ్ళిచూపులు నిజమే. నేను కల్పించింది ఆ చేపనొక్కదాన్నే, అదీ ఆ రోజు ఆంటీ ముందు, అంకుల్ తల వంచుకుని నిలబడి ఉంటే. మరుసటి వానాకాలానికి దాన్ని దూడంత చేసింది మాత్రం అంకులే.