హన్మకొండకు వెళ్లిన రోలు

ఉప్పల్ చౌరస్తా దాటి రామంతాపూర్ వైపు మళ్లే దారిలో, రోడ్డు పక్కన టార్పాలిన్ నీడలో సత్తమ్మ రోళ్లు అమ్ముతుంది. ఉలి పట్టడం భర్త చెన్నయ్య దగ్గర నేర్చుకుంది. అతను కరోనాకు ముందే పోయాడు. ఇప్పుడు పెద్ద రోళ్లను వేరేవాళ్లతో గుంత తోడించి తెప్పించుకుంటుంది. వాటిని నున్నన చేసేది, చిన్నవాటిని మొదటి నుంచీ కొట్టేది మాత్రం తనే.

చెన్నయ్య ఉన్న రోజుల్లో రోలు కొన్నవాళ్ల ఇంటికి చేర్చడం కూడా అతని పనే. సైకిల్ క్యారియర్ మీద గోనెసంచి పరిచి, రోలు పెట్టి, పాత ట్యూబుతో బిగించి కట్టేవాడు. ఎక్కి తొక్కే వీలుండేది కాదు, బరువుకు ముందు చక్రం పైకి లేచేది. హ్యాండిల్ పట్టుకుని అతను నడిపిస్తుంటే, రోలు ఒరగకుండా సత్తమ్మ వెనక చెయ్యి వేసి నడిచేది. నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు వదిలే వేళైతే రోడ్డంతా సైకిళ్లే. టిఫిన్ డబ్బాలు తగిలించుకుని ఎదురొచ్చే కార్మికులు, "ఏందన్నా, రోలుకు లగ్గం జేసి ఊరేగిస్తున్నవా?" అని నవ్వేవాళ్లు. సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చెన్నయ్య మాత్రం, "అవునే, నువ్వూ రా, బువ్వ పెడతరు" అనేవాడు.

ఇంకా దూరమైతే రిక్షా మాట్లాడాల్సి వచ్చేది. అప్పుడే కిరాయి ఎవరిదన్న పేచీ. కొన్నవాళ్లు నువ్వే తెచ్చివ్వాలనేవాళ్లు. చెన్నయ్య గొంతు పెంచేవాడు కాదు. "పొయ్యేటి కిరాయి మీది, మళ్లొచ్చేటిది నాది" అనేవాడు. వచ్చేటప్పుడు అతను రిక్షా ఎక్కకుండా నడిచే వస్తాడని కొన్నవాళ్లకూ తెలుసు. అందుకే చాలా ఇళ్లల్లో చాయ్ తాగనిదే పంపేవాళ్లు కాదు.

ఒకసారి నాచారంలో ఒక ఇంటి నుంచి కబురొచ్చింది, రోలు నెర్రె విచ్చిందని. చెన్నయ్య ఇంకో రోలు కట్టుకుని పోయి, పగిలినదాన్ని తిరిగి మోసుకొచ్చాడు. "రెండు దిక్కులా మనమే మోస్తే మనకేం మిగుల్తది?" అని సత్తమ్మ కోప్పడింది.

"రాయి సూసి కొట్టింది నేను. అండ్ల నెర్రె ఉందని వాళ్లకెట్ల దెలుస్తది?" అన్నాడు చెన్నయ్య, కాళ్లు కడుక్కుంటూ.

మిక్సీలు వచ్చాక బేరాలు పలచబడ్డాయి. నాచారంలో ఒక మందుల కంపెనీ ఆఫీసులో పనిచేసే కూతురు అమూల్య, నిరుడు రోళ్ల ఫోటోలు తీసి ఒక అమ్మకాల యాప్‌లో పెట్టింది. మొదట డెలివరీ ఫ్రీ అని రాసింది. ఆర్డర్లు బాగానే వచ్చాయి. కానీ యాప్ వాళ్లు బరువును బట్టి రవాణా ఖర్చు కోసుకుని మిగతాది పంపితే, చేతికి రాయి ఖరీదు కూడా రాలేదు. తర్వాత డెలివరీ చార్జీ విడిగా చూపించింది. అప్పుడు కొనేవాళ్లు చివరిదాకా వచ్చి, చార్జీ చూసి వెనక్కి పోయేవాళ్లు.

"చార్జీని ధరలనే కలిపేసి ఫ్రీ అని రాద్దామమ్మా. అందరూ గట్లనే జేస్తున్నరు" అంది అమూల్య.

"కలిపినంక ఫ్రీ ఎట్లయితది బిడ్డా? వాళ్ల పైసలే గదా. ఉన్నది ఉన్నట్టే రాయి" అంది సత్తమ్మ.

అలా చార్జీ విడిగా కట్టి మరీ రోలు తెప్పించుకున్న కొద్దిమందిలో హన్మకొండ పూర్ణిమ ఒకరు. ఆమె కర్రీ పాయింట్ నడుపుతుంది. పచ్చళ్లు రోట్లో నూరి అమ్మాలని ఆమె ఆశ. తీరా పెట్టె విప్పితే అల్లం వెల్లుల్లి దంచుకునే చిన్న రోలు. ఫోటోలో ఉన్నట్టు లేదని రాసి వాపస్ పెట్టింది. అలా రాస్తే రానూ పోనూ ఖర్చులు రెండూ అమ్మినవాళ్ల మీదే పడతాయి.

అమూల్య మండిపడింది. "కింద కొలత రాసిన గదమ్మా! సదువుకోకపోతే మనదా తప్పు?"

సత్తమ్మ ఫోన్ తీసుకుని ఆ ఫోటో చూసింది. పక్కన ఏ వస్తువూ లేని ఆ ఫోటోలో రోలు బస్తా అంత కనిపిస్తోంది. "నేనైనా పెద్దదే అనుకుంటుంటి. ఆమెకు ఫోన్ గలుపు" అంది.

పూర్ణిమ జగడానికి సిద్ధపడే మాట్లాడింది. "నేను ఒకపాలి చార్జీ కట్టిన. మళ్ల కట్టుమంటే నాతోని గాదు."

"కట్టద్దు బిడ్డా. ఫోటో మేం సక్కగ తియ్యలే. కొలత నువ్వూ సూడలే. పొయ్యిన కిరాయి నువ్వు కట్టినవ్, వచ్చేటిది మేం బెట్టుకుంటం. మా ఆయనున్నప్పుడు కిరాయి గిట్లనే పంచుకుంటుండె."

ఆ మాటతో పూర్ణిమ గొంతు మెత్తబడింది. "ఎవలమూ కట్టద్దు పెద్దమ్మా. అయితారం డబ్బాలు కొననీకి బేగంబజార్‌కు వస్తున్న. బస్సు ఉప్పల్ మీదికెళ్లే గదా. యాప్‌ల వాపస్ తీసేసి నేనే దెస్త."

అన్నట్టే ఆదివారం పూర్ణిమ వచ్చింది. భుజానికి వేలాడే సంచిలో రోలు. ముందు బేగంబజార్‌లో సామాన్లు కొనుక్కుని, మధ్యాహ్నం తీరిగ్గా వచ్చి గోనెపట్టా మీద కూర్చుంది. సత్తమ్మ నాలుగు రోళ్లు ముందుకు జరిపింది. ఒక్కోదాంట్లో ఏమీ వెయ్యకుండా నూరే బండ తిప్పి చూసుకుంటూ, చిన్నప్పుడు తను అమ్మమ్మ రోట్లో వేళ్లు పెట్టి ఆఖరి ముద్ద నాకిన సంగతి చెప్పింది పూర్ణిమ. చివరికి వెడల్పాటి రోలు ఒకటి తీసుకుంది. చిన్న రోలు ఖరీదు దాని ధరలో తగ్గించుకోమంటే సత్తమ్మ సరేనంది.

బస్సు ఆగేచోటికి ఆటోలో వెళ్లారు. దారి పొడుగునా సత్తమ్మ మాట్లాడుతూనే ఉంది. పైన మెట్రో లేనప్పుడు ఇక్కడ ఆకాశం ఎంత కనిపించేదో, వరంగల్ బస్సు పోయాక లేచిన దుమ్ము రోళ్ల మీద ఎంత మందాన పేరుకునేదో, చెన్నయ్య దాన్ని తువ్వాలతో దులుపుతూ డ్రైవర్లను ఎట్లా తిట్టేవాడో చెప్పింది. ఈ మాటలు ఇంట్లో అమూల్యతో ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ పిల్ల అడగలేదు, తనకూ తోచలేదు.

ఆటో డబ్బులు పూర్ణిమ ఇచ్చింది. బస్సులో రోలుకు లగేజీ టికెట్ కొట్టాలన్నాడు కండక్టర్. ఇద్దరూ ఒకేసారి డబ్బు తీశారు.

"వద్దు పెద్దమ్మా, నేనిస్త."

"నువ్వు ఊకో. గింతదూరం మోసుకొచ్చినవ్."

"ఎవలో ఒకలు జల్ది ఇయ్యున్రి!" అని విసుక్కుని, దగ్గరగా ఉన్న సత్తమ్మ చేతిలో నోటు తీసుకున్నాడు కండక్టర్. పూర్ణిమ నవ్వుతూ సీటు కిందికి రోలు నెట్టుకుంది.

ఇప్పుడు అమూల్య ప్రతి ఫోటోలో రోలు పక్కన ఒక గ్లాసు పెడుతోంది. డెలివరీ చార్జీ విడిగానే చూపిస్తోంది. ఉప్పల్ మీదుగా వెళ్లేవాళ్లు చేతికే తీసుకోవచ్చని కింద ఒక ముక్క రాసింది. ఆర్డర్లేమీ ఎగబడి రావడం లేదు. జనగామ నుంచి ఒకరు, ఘట్‌కేసర్ నుంచి ఇద్దరు వచ్చి తీసుకెళ్లారు.

మొన్న పొద్దున ఒకాయన రోలు బేరమాడుతుండగా సత్తమ్మకు ఫోన్ వచ్చింది. పూర్ణిమ.

"పెద్దమ్మా, గోంగూర నూరుతున్న. జర ఇను" అని ఫోన్ రోలు దగ్గర పెట్టింది.

బండ రాయిని తాకుతున్న చప్పుడు, మధ్యలో గాజుల చప్పుడు. బేరగాడిని కాస్త ఆగమని చెయ్యి చూపి, సత్తమ్మ ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.