నా ఖాకీ కోటు, ఆర్మూరు ఎడ్లు

నిజాం సర్కారు కాలంలో మనిషికి జ్వరమొస్తే కషాయం, పశువుకు రోగమొస్తే హుకుం. ఏ ఊళ్లోనైనా రెండు ఎడ్లు పెద్దరోగమనే అంటుజబ్బుతో పడిపోతే చాలు, మర్నాడే డప్పు మోగేది: పశువుల అంగడి బంద్, టీకా పడని ఎద్దు ఊరు దాటరాదు. ఆ టీకాలు వేయడానికి ఆర్మూరుకు సర్కారు పంపిన మహావీరుణ్ణి నేనే. నాకు ఇరవై ఏళ్లు, నా నౌకరీకి మూడు నెలలు. (మా మేనమామ పిల్లనిస్తానన్నది నాకు కాదు, ఆ నౌకరీకి. ఆ ముక్క నలుగురిలోనే చెప్పాడు.)

అది పసుపు దిగే కాలం. చుట్టుపక్కల ఊళ్ల బండ్లన్నీ వచ్చి పసుపు కొనే అడ్తి దుకాణాల ముందు ఇరుక్కుపోయాయి. టీకా వేసిన ఎద్దు కొమ్ముకు తారు పూయాలి, ఆ గుర్తు చూస్తేనే రోడ్డు మీది జవాను వదులుతాడు. మందు సగం ఎడ్లకే వచ్చింది. మిగతా సగానికి సరిగ్గా సరిపడేంత మర్నాడు తానే తెస్తానన్నాడు నా పైఅధికారి, పశువుల డాక్టరు సాబు. ఒక్క ఎద్దుకు రెండుసార్లు పడినా, ఒక్కటి తప్పిపోయినా, నా సామాను సర్దుకోమన్నాడు.

మొదటి ఎద్దుకు సూది వేసి తారు డబ్బా తీశానో లేదో, రైతులు అడ్డం పడ్డారు. కొమ్ముకు నలుపు పూస్తే అశుభమట. పక్కనే ఉన్న అడ్తి సేటు నన్ను ఆదుకున్నాడు.

"తారెందుకు సారూ? పసుపు పెట్టుండ్రి. మా ఊర్ల దానికేమన్న కరువా?"

ఎంత తెలివైన మాట అని మురిసిపోయాను. తట్టెడు పసుపు కలిపించి, సాయంత్రందాకా సూది వేసిన ప్రతి ఎద్దు కొమ్ముకూ పూసి, హాయిగా నిద్రపోయాను.

తెల్లారి చూస్తే పసుపు అంగట్లో ప్రతి ఎద్దూ పెళ్లికొడుకే! కొమ్ములకు పసుపు, నుదుటికి పసుపు, కొన్నింటికి తోకదాకా పసుపు. మేకలనూ వదల్లేదు. సేటు గారి గుర్రం కూడా సిగ్గుపడుతున్నట్టు పచ్చగా నిలబడి ఉంది. ఒక ముసలమ్మ ఇంకా పూస్తూనే ఉంది. ఇదేమిటమ్మా అని ఏడుపు గొంతుతో అడిగాను.

"సర్కారోళ్లు పసుపు పెడితే రోగం రాదంట గద బిడ్డా. సగం ఎడ్లకే పెట్టి పోతివి. మావేం పాపం జేసినయి?"

ఇంకేముంది! నౌకరీ పోయింది, మేనమామ కూతురు పోయింది. డాక్టరు సాబు బండి వచ్చే వేళ అవుతోంది. ఏం చేయాలో తోచక, నిన్న సూదులు వేసేటప్పుడు వేసుకున్న, ఫినాయిలు వాసన కొట్టే నా ఖాకీ కోటు తొడుక్కుని ముసలమ్మ ఎద్దు దగ్గరికి వెళ్లాను. అది తాపీగా నా చెయ్యి నాకింది. దాని పక్కనున్న ఎద్దు మాత్రం నన్ను చూడగానే పలుపు తెంపుకుని, పసుపు బస్తాల మీదుగా దూకి పారిపోయింది.

"దానికి నిన్న సూది గుచ్చితివి, యాదికున్నది," అంది ముసలమ్మ.

ఆమె కాళ్లకు దండం పెట్టాను. తర్వాత అంగడి ఈ కొస నుంచి ఆ కొసకు, చేతిలో సూదితో, పెద్దపులిలా నడిచాను. బెదిరినవన్నీ నిన్నటివి, నెమరు వేస్తున్నవన్నీ ఇవాళ్టివి. రైతులు నవ్వలేక పొట్టలు పట్టుకుంటూనే వాటిని రెండు వరసలుగా కట్టేశారు. అప్పుడే దిగిన డాక్టరు సాబు నోరు తెరుచుకుని చూశాడు. నమ్మకం కుదరక నన్ను ఇంకోసారి నడిపించాడు. ఈసారి సేటు గారి గుర్రం కూడా పారిపోయింది. (దానికి నేనెప్పుడూ సూది వేయలేదు. దాని పిరికితనం దానిది.) చివరికి తెచ్చిన మందు ఆఖరి ఎద్దుతో సరిగ్గా అయిపోయింది. "టీకా పడిన పశువులను వాటి ప్రవర్తనను బట్టి గుర్తించడమైనది" అని ఆయన ఉర్దూలో గంభీరంగా రాసుకున్నాడు. నా నౌకరీ నిలిచింది.

మొన్న మా ఆవిడ (ఆ మేనమామ కూతురే) పాత పెట్టెలోంచి ఆ కోటు బయటికి తీసింది. బొత్తాలు పట్టకపోయినా తొడుక్కుని, పెరట్లో బర్రె ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. అది నన్ను ఎగాదిగా చూసి, కోటు అంచు నోట పెట్టుకుని నమలసాగింది. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, లోపల కొంచెం దిగులేసింది. ఒకప్పుడు ఇదే కోటు చూసి ఆర్మూరులో సగం అంగడి పరుగెత్తింది.