చిన్నమ్మ నీళ్లు బీరపాదుకు

మా స్నానాలగది కిటికీలో ఒక ఎండిన బీరకాయ ఉంది. జానెడు కాయ, పొగచూరి నల్లబడింది. పోయిన ఎండాకాలం చిన్నమ్మ చనిపోయినప్పుడు ఆదోని వెళ్లి, దినాలు అయిపోయాక, పెరట్లో నీళ్లపొయ్యి పైన వేలాడుతున్న దాన్ని అడిగి తెచ్చుకున్నాను. వేడినీళ్ల ఆవిరి తగిలినప్పుడల్లా దానిలోంచి కట్టెపొగ వాసన వస్తుంది. ఊపితే గింజలు గలగలమంటాయి. ఆ వాసనా ఆ చప్పుడూ కలిస్తే చాలు, నేను ఎనిమిదేళ్ల పిల్లనై మోకాళ్ల దాకా బురదలో ఉంటాను.

అది డెబ్బైల చివరి కాలం. ఆదోనిలో పత్తిమిల్లుల వైపు ఒక సందులో మా రాతి మిద్దె, వెనక చిన్న పెరడు. కొళాయి వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు. బావి నీళ్లు ఉప్పు, మొక్కకు పోస్తే ఆకు మాడేది. అలాంటి చోట మా అవ్వ, అంటే నాన్నకు అమ్మ, వంగ, టమేటా, మిరప, గోగు, చుక్కకూర, పుదీనా, కొత్తిమీర, ఒక జామచెట్టు, మిద్దె మీదికి పాకే బీరపాదు పెంచింది, వాటికి విడిగా ఒక్క చెంబు నీళ్లు కూడా పోయకుండా. మేము స్నానం చేసిన నీళ్లే వాటి నీళ్లు.

పెరటి మూల నాపరాళ్లు పరిచిన చోటును జాలాడి అనేవాళ్లం. స్నానాలూ అంట్లూ బట్టలూ అన్నీ అక్కడే. దాని తూము నుంచి సన్నని కాలువ బయలుదేరి మళ్ల మధ్య చీలేది. ప్రతి చీలిక దగ్గరా అవ్వ ఒక రాతిపలక నిలబెట్టి, పొలంలో మడవ తిప్పినట్టు తిప్పేది. నాన్న నీళ్లు వంగకు. చిన్నాన్న మిల్లు నుంచి తలనిండా దూదితో వచ్చి చాలాసేపు పోసుకుంటాడు కనుక ఆయన నీళ్లు జామచెట్టుకు. అమ్మ నీళ్లు టమేటాకు, మిరపకు. నాకూ తమ్ముడికీ అవ్వ సబ్బు ముట్టనిచ్చేది కాదు, అందుకని పుదీనా నాది, కొత్తిమీర వాడిది. వీధిలో ఆట మంచి ఊపు మీద ఉండగా గోడ మీది నుంచి అవ్వ కేక వినబడేది. "మేయ్, నీ పుదీన వాడిపోయిండాది, వచ్చి పోసుకో." స్నానం ఎగ్గొట్టిన రోజు తమ్ముణ్ని మడి దగ్గరికి లాక్కుపోయి నిలబెట్టేది. "సూడు, నోరెండి ఎట్ల సూస్తాందో. దానికి నువ్వే సెప్పుకో."

నా ఎనిమిదో ఏట ఎండాకాలంలో చిన్నాన్నకు పెళ్లయింది. చిన్నమ్మది కోసిగి అవతల తుంగభద్ర ఒడ్డున ఒక పల్లె. మాటలో సగం కన్నడం. బీరకాయను హీరేకాయి అనేది, మేము నవ్వితే తనూ మాతో కలిసి నవ్వేది. కొత్తకోడలి నీళ్లు ఏ మడికి పోవాలన్నది మాకు పెద్ద సమస్య అయింది. నేను పుదీనాలో వాటా ఇస్తానన్నాను. గోగుకు ఎవరూ లేరని తమ్ముడు వాదించాడు. అవ్వ వక్క నములుతూ అందరి మాటా విని చివరికి తేల్చింది. "సిన్నమ్మ నీళ్లు బీరపాదుకు."

బీరపాదుకు అప్పటిదాకా అవ్వ నీళ్లు తప్ప ఇంకెవరివీ పారలేదు. ఆ పాదు గింజ అవ్వ పెళ్లయి ఎమ్మిగనూరు నుంచి వచ్చేటప్పుడు, మగ్గం దిగిన కొత్త చీర కొంగున ముడేసుకుని తెచ్చుకున్నది. సంతలో దొరికే బీరలా బారుగా ఉండదు. పొట్టి కాయ, పచ్చిగా కొరికినా తీపి, చేదన్నది ఎరగదు. ఏటా తొలికాయకు ఎర్రదారం కట్టి పాదు మీదే ఎండనిచ్చి, పురుగు పట్టకుండా వంటింటి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. మృగశిర కార్తెలో దించి నాటేది. ఆ ఒక్క కాయే మరుసటి ఏడాదికి విత్తనం. రెండోది దాచే అలవాటు లేదు.

మృగశిర ఇంకా రాకముందు, చెల్లెలికి బాగాలేదని అవ్వ ఎమ్మిగనూరు పోయింది. ఆ కొద్ది రోజులూ పెరటికి పెద్దదిక్కు లేదు. పలకలు పడిపోతే నిలబెట్టేవాళ్లు లేరు, నీళ్లు తమకు తోచిన చోటికల్లా పోయాయి, పొంగి గోడ కింది కంతలోంచి సందులోకి కూడా పారాయి. చిన్నమ్మ మాకు తలంట్లు పోసింది. ఇంటి వెనకే ఏరున్న ఊళ్లో పెరిగిన ఆమెకు నీళ్లు చూసి చూసి వాడటం రాదు. మా మడమల మట్టి వదలడం లేదని వంటింట్లోకి వెళ్లి ఏదో పీచు తెచ్చి రుద్దింది. చక్కిలిగింతకు మేము అరిచిన అరుపులు మిల్లు దాకా వినిపించి ఉంటాయి.

అవ్వ తిరిగివచ్చిన సాయంత్రం మంచినీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లి అలవాటుగా తలెత్తింది. దూలానికి దారం మాత్రమే ఉంది. జాలాడి గట్టు మీద బీరపీచు తడిగా ఉంది.

"గింజలు యాడమ్మా?"

"ఆడనే దులిపేస్తి అత్తా, నీళ్లల్లో. మా ఊళ్లో అట్లనే ఇడిసిపెడతారు. అవే మొలుస్తాయి."

"ఏటి పక్కన మొలుస్తాయమ్మా. ఈడ యాడుండాది ఏరు?"

అవ్వ మంచి తిట్లమనిషి. ఆ రోజు ఒక్క తిట్టు కూడా తిట్టకుండా వెళ్లి ఖాళీ పాదు గట్టున కూర్చుంది. మాకు అందుకే భయం వేసింది.

పొద్దున్నే వేట మొదలుపెట్టాం. పిండిజల్లెడ ఎత్తుకొచ్చి తూము నుంచి గోడ కంత దాకా బురద జల్లించాం. నల్లగా ఏది మెరిసినా కేక పెట్టాం. ఒక గోళీ దొరికింది, చొక్కా బొత్తాలు దొరికాయి, తమ్ముడి మొలతాడు గజ్జె దొరికింది. గింజ అనుకున్నవన్నీ సీతాఫలం గింజలే. చిన్నమ్మ కూడా చీర ఎగదోపుకుని మాతో పాటు దిగి, సాయంత్రం దాకా వంచిన నడుము ఎత్తలేదు.

"మా ఊరి గింజలు తెప్పిస్తా అత్తా" అంది చివరికి.

"మీ ఊరి గింజకు మీ ఊరి కాయ కాస్తాది" అంది అవ్వ.

గట్టిగా అనలేదు. కానీ ఆ తర్వాత చిన్నమ్మ హీరేకాయి అనడం మానేసింది. ఆమె నీళ్లు రోజూ ఖాళీ పాదులోకి పారి ఇంకిపోయేవి. పోసుకునే చెంబులు కూడా తగ్గించింది.

తర్వాత వాన పడింది. ఎర్రమట్టి వాసన, మిద్దె గొట్టాల్లోంచి దూకే నీళ్లు, వాటి కింద మేము. ఒక వారం తర్వాత, పచ్చడికి పుదీనా తుంచడానికి వంగిన నాకు మధ్యలో రెండు దళసరి ఆకులు కనిపించాయి. అవ్వను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. "గుమ్మడి గావచ్చులే" అంటూనే వంగి, ఆకు అంచును వేళ్లతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. "బీరే" అంది.

తమ్ముడు వంగమడిలో నుంచి అరిచాడు. జామచెట్టు మొదట్లో ఇంకొకటి. గోడ వారన మూడు నాలుగు గుంపుగా. మేము కాలు పెట్టడానికి భయపడి ఒంటికాలి మీద గెంతుతుంటే గోడ అవతల నుంచి పక్కింటి మస్తాన్‌బీ అత్త గొంతు వినిపించింది. "ఏం పెద్దమ్మా, నీళ్లల్లో ఏం కలిపి ఇడిసినారు? మా మేకల కొట్టం ముందర అంతా బీర మొలిసింది. మేకలు తింటాండాయి, నేను తరమలేక సస్తాండా."

"మేకల్ని కట్టేయ్ మస్తాన్‌బీ" అని అవ్వ అరిచింది. ఆమె పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. వెనకాలే చిన్నమ్మ.

ఆ శ్రావణంలో మా సందు సందంతా బీర. బీరపువ్వు పొద్దు వాలాక విచ్చుతుంది కదా, మిల్లు విడిచి మగవాళ్లు ఇంటికి వచ్చే వేళకు గోడలూ మిద్దెలూ మేకల కొట్టమూ పచ్చని పసుపు. జొన్నరొట్టెలోకి బీరకాయ కూర, చెక్కుతో రోటిపచ్చడి, వాన పడితే బొరుగుల ఉగ్గానితో బీరకాయ బజ్జీలు. మస్తాన్‌బీ అత్త వేటకూరలో వేసి వండితే ఆ వాసన గోడ దాటి వచ్చేది, దాని వెనకే గిన్నె కూడా వచ్చేది. ఎవరింట్లో కాసినా కాయ పొట్టిదే, తీపిదే.

మరుసటి మృగశిరకు అవ్వ దూలం నుంచి కాయ దించి చిన్నమ్మ చేతిలో పెట్టింది. "సగం నేను నాటుతా. సగం నువ్వు పారబోయి" అంది. చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అవ్వ పోయాక నాటడమూ పారబోయడమూ చిన్నమ్మే చేసింది. ఇప్పుడు ఆ పెరట్లో గది లేచింది. జాలాడి మీద టైల్సు పరిచారు, నీళ్లు గొట్టంలో పడి ఎటో పోతాయి. సందు కాలువకు సిమెంటు పూసి పైన బండలు కప్పారు. మస్తాన్‌బీ అత్త లేదు, మేకలు లేవు. గోడ పక్కన మిగిలిన మూరెడు నేలలో చిన్నమ్మ సగం గింజలు నాటి, మిగతా సగం ఏటా ఆ గొట్టంలోనే వదిలేదట. అవి మొలవవని ఆమెకు తెలుసు.

నేనుండేది నాలుగో అంతస్తులో. మా నీళ్లు ఎవరి మడికీ పోవు. మృగశిర వచ్చింది, కిటికీలో కాయను ఇంకా విప్పలేదు. సగం నాటడానికి కుండీ తెచ్చిపెట్టుకున్నాను. మిగతా సగం పారబోయడానికి చోటు వెతుకుతున్నాను.