నాయనమ్మ ఇద్దరైన వేసవి

ఆ రోజుల్లో, మావాళ్లు నేతపనికి వలస వచ్చిన మా ఉధ్నా గల్లీలో, బట్టలు నేసే సాంచాలన్నీ ఆగిపోయాయి. వాటి చప్పుడుకు మించి అరిచి మాట్లాడటం అలవాటైన వాళ్లం కదా, కరోనా తెచ్చిన ఆ నిశ్శబ్దంలో ఉప్పు అందించమని కూడా కొన్నాళ్లు అరుచుకున్నాం. తర్వాత మెల్లగా గొంతులు దిగాయి, మధ్యాహ్నాలు పొడుగయ్యాయి. నాయనమ్మ గోడకు ఆనుకుని, సిరిసిల్ల దగ్గర తన పుట్టింటి గురించి సగం నిద్రలో ఉన్నట్టు చెబుతూ ఉండేది. ఏటా ఎండాకాలం అక్కడికి వెళ్లేది, ఆ ఏడు రైళ్లు లేవు. ఆమె దిగులు కాస్త తగ్గుతుందని నేను కంప్యూటర్‌లో మా వంశవృక్షం మొదలుపెట్టాను (ఇంజనీరింగ్ మొదటి ఏడు, నాకు రానిదంటూ ఒకటి ఉందని అప్పటికింకా తెలియదు).

అందరినీ ఎక్కించాక చూస్తే అక్షరాలు ఆమె కంటికి ఆనలేదు. పెద్దగా చూపించే ఇంకో ప్రోగ్రామ్‌ దొరికితే మొత్తం వంశాన్ని ఒక్క ఫైల్లో మూటగట్టి అందులోకి మార్చాను. తెరిస్తే నాయనమ్మలు ఇద్దరు! ఒకామె తన అమ్మానాన్నల కింద, ఇంకొకామె తాత పక్కన. తాత ఆమెకు సొంత మేనమామ (మావైపు ఇది మామూలే, అమ్మమ్మే అత్తగారు). అక్క కూతురిగా ఒక గడి, భార్యగా ఒక గడి ఇచ్చిందన్నమాట ఆ ప్రోగ్రామ్. తాత కళ్లజోడు సర్దుకుని చూసి, ఒక్కదానితోనే ఏగలేకపోతున్నానని, రెండోదాన్ని వచ్చిన దారినే పంపమని అన్నాడు.

మార్చేటప్పుడు ఏదో తప్పు జరిగిందనుకుని పుట్టింటి గడిలోని ఆమెను తీసేశాను. ఫైల్లో ఉన్నది ఒక్కతేనట, రెండుచోట్లా మాయమైంది. తాత ఒంటివాడయ్యాడు, మా నాన్న తల్లి లేని పిల్లాడయ్యాడు. నేను నవ్వబోయాను గానీ, నాయనమ్మ తన అమ్మానాన్నల కింది ఖాళీ మీద వేలు పెట్టింది.

"ఈసారి పోనే పోలేదు. గీడకెళ్లి గూడ తీసేసినవా బిడ్డా?"

గబగబా పాత ప్రోగ్రామ్ తెరిచి, మళ్లీ ఫైలు తీసి, మళ్లీ మార్చాను. ఇద్దరూ వచ్చారు. ఎలాగైనా ఒకరినే చేస్తాను, ఏ గడిలో ఉంటావో చెప్పమన్నాను.

"ఆ పిల్లను ఆడనే ఉండనియ్యి. చిన్నప్పుడే పెండ్లి చేసి తోల్కొచ్చిండ్రు, అమ్మకాడ మంచిగ ఉండనే లేదు."

మరి తాత పక్కనో అని అడిగాను.

"ఈడ నేనున్న గదా. నేను లేకుంటే వంట ఎవలు చేస్తరు?"

ఆ సాయంత్రం చాయ్ తాతే పెట్టాడు, చక్కెర వేయడం మరిచిపోయాడు. నాయనమ్మ చివరి చుక్క దాకా తాగింది.

ఇప్పుడు నాది కంప్యూటర్ల ఉద్యోగమే. ఒక మనిషిని ఒక్కచోటే చూపించే మీట ఆ ప్రోగ్రామ్‌లోనే ఉందని చాలా తర్వాత తెలిసింది. ఆ రోజే తెలిసి ఉంటే, అంత తెలివిగలవాణ్ని కదా, ఎవరినీ అడక్కుండా నొక్కేసి ఉండేవాణ్ని. ఆ కుర్రాడికి అది రాకపోవడం ఎంత మంచిదైందో! ఆ వృక్షంలో నాయనమ్మ ఇంకా పుట్టింట్లోనే ఉంది.