మా అక్కకు పట్టిన ఇంగ్లీషు దయ్యం

మా ఇంట్లో దయ్యాలకు భయపడని మనిషిని నేనొక్కణ్ణే అని మా చిన్నాయిన చెప్పుకునేవాడు. మా నాయినకు తమ్ముడు. పొద్దుగూకినాక చేనికి పోవాల్సి వస్తే మాత్రం ఆయనకు కడుపునొప్పి వచ్చేది. మనిషి ధైర్యవంతుడే, పాపం కడుపు సహకరించేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మానవపాడు దగ్గరి మా ఊళ్లో సీడీ ప్లేయరు ఉన్న ఇళ్లు నాలుగో అయిదో. వాటిలో మాది ఒకటి. గద్వాల నుంచి దాన్ని మోసుకొచ్చింది చిన్నాయిన కాబట్టి రిమోటు ఆయన అంగీ జేబులోనే ఉండేది. చేనికి పోయినా జేబులోనే. పత్తి చెట్ల మధ్య ఆయన ఏ పాట మార్చాలనుకునేవాడో మాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అప్పుడు మేము విత్తన పత్తి వేసేవాళ్లం. ఆ పని ఎరగని వాళ్లకు చెప్పాలంటే, మధ్యాహ్నం పూట ఆడ మొక్కల మొగ్గల్లోని పుప్పొడి భాగం ఒక్కొక్కటిగా గిల్లేసి పెట్టాలి, తెల్లారి మగ పువ్వులు కోసుకొచ్చి వాటికి రుద్దాలి. రెండు నెలల పైచిలుకు, వాన పడితే తప్ప, ఒక్కరోజు కూడా మానడానికి లేదు. తేనెటీగలు చేయాల్సిన పనిని మా వైపు ఆడపిల్లల చేత చేయించేవాళ్లు. మా చేన్లో ఆ పనికి పెద్ద మా అక్క. ఏ మొగ్గ ఈ రోజు గిల్లాలో, ఏది రేపటికి వదలాలో చూపుతోనే చెప్పేది. కూలీలు ఆమె మాటే వినేవాళ్లు. ఇంట్లో మాత్రం ఆమె మాట వినే దిక్కు లేదు.

అక్క గద్వాలలో బీఎస్సీ పాసై రెండేళ్లుగా ఇంట్లోనే ఉంది. ఆ ఏడు వనపర్తిలో బి.ఇడి. సీటు వచ్చింది. శుక్రవారం లోపల పోయి చేరాలి, లేకపోతే సీటు పోయినట్టే. నాయినకు కాగితం చూపిస్తే, "పూత అయిపోనీ బిడ్డా, అప్పుడు జూద్దాం" అన్నాడు. పోయిన ఏడు కూడా ఇదే మాట అన్నాడు, పూత అయ్యేసరికి సీటు ఇంకొకరికి పోయింది. ఈసారి పోతే ఇక చదువు మాట ఉండదు. వచ్చే ఎండాకాలానికి పెళ్లి చేసెయ్యాలని మా అవ్వ, అంటే నాయిన తల్లి, అప్పటికే సంబంధాలు వెతుకుతోంది. అమ్మ ఏమీ అనలేదు. మా ఇంట్లో ఏమీ అనకుండా ఉండటమే అమ్మ ఉద్యోగం.

ఆ ఆదివారం ముసురు పట్టింది. తడి మొగ్గలు గిల్లితే పనికిరావు కాబట్టి అందరం ఇంట్లోనే ఉన్నాం. ఎందుకో కరెంటు కూడా ఉంది. చిన్నాయిన ముందురోజే గద్వాలకు పోయి సీడీల షాపులో మంచి దయ్యాల సినిమా ఇమ్మని అడిగి ఒకటి తెచ్చిపెట్టాడు. అట్టమీద పుర్రె బొమ్మ, లోపల ఇంగ్లీషు సినిమా. వేసి చూస్తే నలుపు తెలుపు.

"రంగు లేదేందిరా?" అని నాయిన అడిగాడు.

"రంగుంటే కతలన్నా. రంగు లేదంటే నిజంగ జరిగినప్పుడు తీసినట్లు" అన్నాడు చిన్నాయిన.

ఆ ముక్కతో సినిమా తలరాత మారిపోయింది. అవ్వ కిటికీకి దుప్పటి కట్టించి, మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటిని చీకటి చేసింది. ఒళ్లో నిమ్మకాయ పెట్టుకుని కూర్చుంది.

ఇప్పుడైతే అందరికీ తెలుసు, పాత భయానక సినిమాలను ప్రేమగా వెక్కిరిస్తూ తీసిన హాస్య సినిమాలు కొన్ని ఉంటాయని. మా అదృష్టం కొద్దీ దొరికింది అలాంటిది. కొండమీద పాతబడ్డ కోట. ఒక నౌకరు తలుపు తీస్తాడు. తలుపు కిర్రుమంటుంది. కెమెరా దగ్గరికి పోతే తెలుస్తుంది, ఆ చప్పుడు తలుపుది కాదు, వాడే నోటితో చేస్తున్నాడు. వచ్చిన చుట్టం తలుపును కదిలించకుండా ఆగి చూస్తాడు, వాడు మాత్రం ఆపకుండా కిర్రుమంటూనే ఉంటాడు.

"జూసినవా, దయ్యం వాని నోట్ల జొచ్చింది" అని చిన్నాయిన మాకు అర్థం చెప్పాడు. ఇంగ్లీషులో ఆయనకు వచ్చినవి రెండే మాటలు, ఆ రెండూ పురుగుమందుల పేర్లు.

తర్వాత ఒక డాక్టరు వస్తాడు. శవాన్ని బతికించడం ఆయన పని. ఆయన చెయ్యి పైకెత్తినప్పుడల్లా ఉరుము ఉరుముతుంది. మూడుసార్లు ఉరిమింది. నాలుగోసారి ఎత్తాడు, ఉరమలేదు. ఆయన అట్లాగే చెయ్యి ఎత్తి పట్టుకుని, ఓరగా ఆకాశం వైపు చూసి, సిగ్గుపడి, తల గోక్కుంటున్నట్టు దించేశాడు.

అక్కడ మా అక్క పకాలున నవ్వింది.

ముందు కొంగు అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. బల్లమీది శవం లేవబోయి పడిశం పట్టినవాడిలా తుమ్మితే గోడకు ఒరిగి నవ్వింది. శవానికి కుడిచెయ్యి ఉండాల్సిన చోట ఎడమచెయ్యి కుట్టారని తెలిసేసరికి కిందపడి కడుపు పట్టుకుంది, కళ్లల్లో నీళ్లు. రెండేళ్లుగా నేను ఆమె అట్లా నవ్వడం చూడలేదు. ఎవరూ చూడలేదు. అదే కొంప ముంచింది.

ఇంట్లో అందరూ టీవీ చూడటం మానేసి అక్కనే చూస్తున్నారు. అవ్వ నిమ్మకాయ గట్టిగా పట్టుకుంది.

"సచ్చినోడు లేస్తుంటే నవ్వుతుంది. ఇది మన పిల్ల గాదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నీకు గిట్ల నవ్వొస్తుందానే?" అని అడిగింది.

నాకు పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతున్నాను. తలుపు కిర్రుమన్నప్పటి నుంచి పళ్ల బిగువున నవ్వు ఆపుకుని చస్తున్నాను. కానీ అవ్వ కళ్లు నా మీదే ఉన్నాయి. "లేదవ్వా, నాకు భయమైతుంది" అన్నాను. అక్క ఒక్క క్షణం నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. ఆ ఒక్క మాట నేను నిజం చెప్పి ఉంటే దయ్యాలు రెండయ్యేవి, లేదా ఒకటీ ఉండేది కాదు. నాకు ఆ ధైర్యం లేదు, మా చిన్నాయిన రక్తం కదా.

మరునాడు పొద్దున్నే మసీదు దగ్గర తాయెత్తులు కట్టే ముసలి సాయబును పిలిపించారు. ఆయన అక్కను ఒకటే ప్రశ్న అడిగాడు. "ఎందుకు నవ్వినవు బేటా?"

అక్క చెప్పింది. తలుపు సంగతి, ఉరుము సంగతి, ఎడమచెయ్యి సంగతి. వింటూ వింటూ సాయబు కూడా గడ్డం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "పిల్లకు ఏం గాలేదు. నవ్వొచ్చింది, నవ్వింది. ఎందుకు పరేషానైతరు? ఆ సిన్మా జర నాగ్గూడ సూపియ్యుండ్రి" అన్నాడు.

ఆయన పోయిన తర్వాత అవ్వ తల అడ్డంగా ఊపింది. "సాయబుకు గూడ సోకినట్లుంది" అంది. ఆ రెండు రోజుల్లో మా గడప తొక్కిన తెలివిగల మనిషి ఆయన ఒక్కడే. అందుకే ఆయన మాట ఎవరికీ నచ్చలేదు.

మంగళవారం పొద్దున దయ్యాన్ని వదిలించే బాధ్యత చిన్నాయిన నెత్తిన పడింది, దాన్ని ఇంటికి తెచ్చినవాడు ఆయనే కాబట్టి. మా వైపు ఒక పద్ధతి ఉంది. గాలి సోకిన మనిషిని కూర్చోబెట్టి, ఊదు పొగ వేసి, వేపమండతో కొడుతూ మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరు నువ్వు, ఎందుకొచ్చినవు, ఏం గావాలె. అది ఏం అడిగితే అది ఇచ్చి తీరాలి. కోడి అంటే కోడి, చీర అంటే చీర. ఇవ్వకపోతే ఇంటిమీద పగబడుతుంది.

"నేనే చిన్నాయినా, నాకేం గాలేదు" అంది అక్క.

"ఏ దయ్యమైనా ముందుగాల గదే అంటది" అంది అవ్వ.

"అవ్వా, అది నవ్వుకునే సిన్మానే!"

"ఎట్ల సతాయిస్తుందో సూడుండ్రి" అంది అవ్వ. పొగ పెట్టడానికి ఎండుమిరపకాయలు తెమ్మంది.

మిరపకాయల మాట వినేసరికి అక్క మొహం మారింది. చుట్టూ చూసింది. నాయిన గుంజకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన అంత వినయంగా నిలబడటం మేము బ్యాంకులో తప్ప ఎక్కడా చూడలేదు. అక్క చూపు ఆ కట్టుకున్న చేతుల మీద ఆగింది. తర్వాత మెల్లగా జుట్టు విప్పుకుంది.

"ఎవరు నువ్వు?" అని చిన్నాయిన వేపమండ విసిరాడు. దెబ్బ తగలనంత దూరంలో నిలబడి విసిరాడు.

అక్క గొంతు బొంగురు చేసి, "హైడ్రోజన్! హీలియం! లిథియం! బెరీలియం!" అంది. చిన్నాయిన రెండడుగులు వెనక్కి వేశాడు. అక్క ఆగలేదు. ఊపిరి అందినంత దూరం పోయి ఆర్గాన్ దగ్గర ఆపింది.

"ఏమంటుందిరా?" అన్నాడు నాయిన.

"ఇంగ్లీషు దయ్యమన్నా. సీడీలకెల్లి వచ్చింది. పేరు ఆర్గానట, ముందువన్నీ ఇంటిపేర్లు" అన్నాడు చిన్నాయిన.

"ఏం గావాలె తల్లీ?" నాయినే అడిగాడు.

అక్క లేచి నిలబడి, ఆ డాక్టరు మాదిరే చెయ్యి పైకెత్తింది. ఉరమలేదు. ఓరగా దూలాల వైపు చూసి, తల గోక్కుని దించింది. నేను ఉండలేక వంటింట్లోకి పరిగెత్తి బియ్యం డబ్బాలో మొహం పెట్టి నవ్వాను. నాకు భయంతో వాంతి వచ్చిందనుకుని అమ్మ వీపు రుద్దింది. అమ్మ చెయ్యి కూడా అదురుతోంది. అది భయమో నవ్వో నేను ఇప్పటికీ అడగలేదు.

తిరిగి వచ్చేసరికి దయ్యం తెలుగులోకి దిగింది. "నేను పంతులమ్మను. బి.ఇడి. గాక ముందే సచ్చిన. ఈ పిల్లను వనపర్తికి తోలు. లేకుంటే నీ చేన్ల ఒక్క కాయ నిలవనియ్య."

"తోల్త తల్లీ. పూత అయిపోయినంక..."

"శుక్రారం లోపల!"

"గట్లనే తల్లీ, గట్లనే."

"ఒరిజినల్ సర్టిఫికెట్లు, టీసీ, ఫోటోలు మరిచిపోవద్దు!"

దయ్యానికి టీసీ ఎందుకని ఎవరూ అడగలేదు. రెండేళ్లుగా కూతురు ఏడ్చి అడిగితే కదలని మనిషి, దయ్యం ఒక్క కసురు కసిరితే పెట్టెలో నుంచి సర్టిఫికెట్లు తీసి తుడుస్తున్నాడు. మా చేన్లో మొగ్గలు గిల్లడానికి అక్క బదులు ఇంకో మనిషి ఆ సాయంత్రానికే దొరికింది. అంత సులువుగా దొరికే మనిషి కోసం రెండేళ్లు ఎందుకు ఆగాల్సి వచ్చిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గురువారం నాయిన, అక్క, నేను బస్సెక్కి పెబ్బేరులో దిగి, అక్కడి నుంచి వనపర్తి చేరాం. దారి పొడుగునా నాయిన అక్క పక్కన కూర్చోలేదు. కిటికీ పక్క సీటు ఆమెకు ఇచ్చి, మధ్యలో నన్ను కూర్చోబెట్టాడు. కాలేజీలో సంతకాలు అయ్యాయి. హాస్టలు గేటు దగ్గర పెట్టె దించి, నాయిన చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, అక్క ముందు రెండు చేతులూ జోడించాడు.

"నువ్వు చెప్పినట్లే తోలుకొచ్చిన తల్లీ. నా బిడ్డ పైలం. చదువు అయినంక దాన్నిడిసి పో" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

అక్క తట్టుకోలేకపోయింది. కన్నతండ్రి చేతులు జోడించి నిలబడితే ఎవరు తట్టుకుంటారు? ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

"నాయినా, దయ్యం లేదు ఏం లేదు. అడిగింది నేనే. రెండేండ్ల సంది అడుగుతుంది గూడ నేనే."

నాయిన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆయన నమ్మితే పెట్టె మళ్లీ బస్సెక్కుతుంది. తర్వాత ఆయన చిన్నగా నవ్వి, ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆమెను ముట్టుకున్నాడు.

"నువ్వు గాదు బిడ్డా. నా బిడ్డ నాకు గట్ల ఎదురు చెప్పేది గాదు. నాకు తెల్వదా?" అన్నాడు. నా వైపు తిరిగి, "ఔనా కాదా, నువ్వే చెప్పు" అన్నాడు.

అక్క నన్నే చూస్తోంది. కళ్లతోనే చెప్పమంటోంది. సీటు పోతే పోయింది, ఒక్కసారైనా ఆ అడిగిన మనిషి తానేనని ఆయనకు తెలియాలని ఆమెకు ఎంతగా ఉందో నాకు తెలుస్తూనే ఉంది.

"దయ్యమే నాయినా" అన్నాను.

నాయిన మొహం తేటపడింది. అక్క పెట్టె తానే ఎత్తుకుని గేటు లోపలికి వెళ్లిపోయింది.