ఎడమ చెయ్యి

సోంపేట దాటాక మా ఊరి చివర జీడిపిక్కలు ఆరబోసే సిమెంటు కళ్ళం ఒకటుంది. సాయంత్రం పిక్కలు ఎత్తేశాక అక్కడే నా కరాటే క్లాసు. పిల్లల్ని అదుపులో పెట్టడంలో నాకు కాస్త పేరుంది. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. అల్లరిచేసే వాణ్ణి తిట్టను, ముందుకు పిలిచి అంకెలు లెక్కపెట్టే పని వాడికే అప్పగిస్తాను. మనం గొంతు చించుకుంటే వాళ్ళు ఇంకా రెచ్చిపోతారు. అందుకే చెప్పేది తక్కువ, చేసి చూపేది ఎక్కువ. పిల్లలు చూసింది చూసినట్టు దింపేస్తారు.

అదే నా కొంప ముంచింది.

నాకు కిడ్నీలు పోయాయి. మా ఉద్దానం పల్లెల్లో ఇదేం వింత కాదు. మా వీధిలో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళతోనే ఒక ఆటో నిండిపోతుంది. నేను మాత్రం ఆ ఆటో ఎక్కను. పలాసలో పనుందని చెప్పి డయాలసిస్‌కి బస్సులో వెళ్ళొస్తాను. సూదులు గుచ్చడానికి వీలుగా నా ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. చర్మం కింద తాడులా ఉబ్బి ఉంటుంది, ముట్టుకుంటే గుయ్యిమంటుంది. దానికి దెబ్బ తగలకూడదు. కరాటే డ్రెస్సు చేతులు పొడుగు కాబట్టి బతికిపోయాను.

దాచడానికి కారణం ఉంది. "మా పిల్లకి ఆ జబ్బు రాకుండా సూడండి మాస్టారూ" అని తల్లులు నాకు పిల్లల్ని అప్పగిస్తారు. ఒళ్ళు అలిసేలా ఆడితే కిడ్నీలు బాగుంటాయని ఎవరో చెప్పారట. ఆ జబ్బు మాస్టారికే ఉందని తెలిస్తే మర్నాటికి కళ్ళం ఖాళీ. ఈ క్లాసు కూడా పోతే నాకు మిగిలేది పలాసలో ఆ డయాలసిస్ మంచం ఒక్కటే.

మొన్న బెల్టు పరీక్షకి పిల్లల్ని టెక్కలి తీసుకెళ్ళాను. కుడి చేత్తో బ్రహ్మాండంగా గుద్దారు. ఎడమ చెయ్యి మాత్రం ఒక్కరూ తియ్యలేదు, అందరూ పొట్టకి ఆనించుకునే నిలబడ్డారు. అచ్చం నాలాగే. పరీక్ష పెట్టేవాడు పగలబడి నవ్వాడు. "ఏటి మాస్టారూ, మీ ఊళ్ళో ఎడం సేతులు పుట్టవా?" అన్నాడు. ఒక్కరికీ బెల్టు రాలేదు. తిరుగు బస్సులో వాళ్ళ మొహాలు చూడలేక కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు క్లాసులో డ్రెస్సు ఎడమ చెయ్యి పైకి మడిచాను. పోతే పోనీ, ఉన్నది చెప్పేద్దామనుకున్నాను.

"నా చెయ్యి ఇలా ఉంది కాబట్టి నేను వాడను. నన్ను చూసి మీరూ మానేశారు. తప్పు నాది" అన్నాను.

ముందు వరసలో ఒక చిన్నపిల్ల నన్ను జాలిగా చూసింది. వాళ్ళ నాన్న కూడా ఆ ఆటోలోనే వెళ్తాడు.

"మాకు తెల్సు మాస్టారూ. మా నాన్న సెయ్యీ ఇలాగే ఉంటాది. ఇంట్లో సెప్పలేదు. సెప్తే మా యమ్మ మానిపించేత్తాది."

అంతా తెలిసే వస్తున్నారు. ఆ క్షణాన నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఇవాళ్టి నుంచి ఎడం చేత్తో కూడా గుద్దాలి, సరేనా?" అన్నాను.

ఆ పిల్ల కదల్లేదు.

"ఎడం సెయ్యి పాడుసేసుకోకూడదు కదా మాస్టారూ. పెద్దయ్యాక మాకూ సూదులకి కావాల."

ఎవరైనా నవ్వుతారేమోనని వెనక వరసల దాకా చూశాను. ఎవరూ నవ్వలేదు. కొందరు అవునన్నట్టు తలలూపారు కూడా. మీకు ఆ జబ్బు రాదని ఏ ధైర్యంతో చెప్పను? ఏడుపొచ్చి అటు తిరిగాను.

కాసేపటికి లైన్లో నిలబడమన్నాను. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక నిలబడ్డారు, ఎడమ చేతులు పొట్టలకి ఆనించుకుని. ఇంత బుద్ధిగా ఉన్న క్లాసుని నేనెప్పుడూ చూడలేదు.